మ్యూజిక్ మ్యాగజైన్ కవర్ సినిమా వీక్లీలా కనిపిస్తోంది, తేడా ఎక్కడ కొడుతోంది?

తొలిసంచిక అడిగారు:

తెలుగు ర్యాప్, ఇండీ బ్యాండ్ల మీద మూడు నెలలకోసారి వచ్చేలా ఒక పత్రిక తెస్తున్నాం. ఏ4 సైజు, కవర్ కాకుండా 64 పేజీలు, మొదటి సంచిక 500 కాపీలు. హైదరాబాద్‌లో గిగ్‌లు (సంగీత ప్రదర్శనలు) జరిగే చోట టేబుల్ వేసి కొన్ని, కాలేజీ ఫెస్టుల్లో కొన్ని, మిగతావి ఇన్‌స్టాగ్రామ్‌లో ఆర్డర్లు తీసుకుని కొరియర్‌లో పంపి అమ్మాలని ఆలోచన. పాఠకులు 18 నుంచి 25 ఏళ్లవాళ్లు.

కవర్ డమ్మీ ఇలా ఉంది: నల్ల బ్యాక్‌గ్రౌండ్, మధ్యలో ర్యాపర్ ఫొటో నడుము దాకా, కింద వరసగా మరో ముగ్గురి కటౌట్లు. పైన పత్రిక పేరు తెలుగులో, ర్యాపర్ తల దాని మీదికి వచ్చింది. పసుపు అక్షరాలకు ఎర్ర స్ట్రోక్ (అంచు గీత), మొత్తం తొమ్మిది కవర్ లైన్లు, అంటే లోపలి కథల గురించి కవర్ మీద వేసే శీర్షికలు. చూసినవాళ్లంతా "సినిమా వీక్లీలా ఉంది" అంటున్నారు. ముఖ్యమైనవన్నీ ఎడమవైపు మూడో వంతులో ఉండాలని చాలాచోట్ల చదివి అలాగే పెట్టాం, అయినా లాభం లేదు.

మా పాఠకులు చూడగానే "ఇది మనది" అనుకోవాలంటే ఏం మార్చాలి? ప్రెస్‌కి పంపే ముందు ఏవేవి సరిచూసుకోవాలి? డిజిటల్ ప్రింటే వేయిస్తాం.

అచ్చుమొహం:

"సినిమా వీక్లీ" అన్నవాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. మీరు వాడిన ప్రతి గుర్తూ అక్కడిదే: స్ట్రోక్ కొట్టిన పసుపు అక్షరాలు, కటౌట్ తలలు, ఎక్కడా ఖాళీ లేకుండా నాలుగు మూలలా లైన్లు. వీక్లీకి ఆ పద్ధతి తప్పు కాదు. ఇంటిల్లిపాదీ తిరగేస్తారు కాబట్టి ఒకరికి హీరోని, ఒకరికి సీరియల్‌ని, ఇంకొకరికి రాశిఫలాలను ఎరగా వేస్తుంది. మీ పత్రిక ఇంట్లో ఒక్కరే కొంటారు, ఆ ఒక్కరే చదువుతారు. ఆ ఒక్కరికీ తమదే అనిపించే కవర్ చూసి మిగతావాళ్లు తమది కాదనుకుని దాటిపోయినా మీకు నష్టం లేదు. 500 కాపీలకు అందరినీ పిలవాల్సిన పని లేదు.

18–25 అని రాసుకుంటే డిజైన్‌కి పట్టు దొరకదు. ఆ వయసులోనే సినిమా పాటలు తప్ప ఇంకేమీ వినని వాళ్లున్నారు, వాళ్లు మీ దగ్గరికి రారు. దాని బదులు ఇవి రాసుకోండి: మీ పాఠకులకు ఇప్పటికే ఎవరెవరి పేర్లు తెలుసు, పత్రికను ఎక్కడ, ఎంత దూరం నుంచి చూస్తారు, ఎంత డబ్బు పెడతారు, చదివాక దాచుకుంటారా లేక పోస్టర్ చింపి గోడకు అంటిస్తారా. కవర్ మీద ప్రతి నిర్ణయం ఈ నాలుగింటిలో ఏదో ఒకదాని నుంచి రావాలి.

బ్రిటన్ పత్రికలు కొన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే ఒకే రాక్ సంగీతాన్ని అక్కడ వేరువేరు పాఠకులకు విడివిడిగా అమ్మారు. కెరాంగ్ 1981 జూన్ 6న సౌండ్స్ అనే వారపత్రికకు అనుబంధంగా మొదలైంది, తొలి కవర్ మీద ఏసీ/డీసీ బ్యాండ్ గిటారిస్టు ఆంగస్ యంగ్. డిస్టార్షన్ పెట్టిన గిటార్ మీద పవర్ కార్డ్ కొడితే వచ్చే మోతే దాని పేరు. అక్షరాలు పగిలిన అద్దంలా ఉంటాయి, చివర ఆశ్చర్యార్థకం. లోపల పోస్టర్లున్నాయని కవర్ మీదే అరిచి చెప్పేది, ఎందుకంటే దాని పాఠకులు గోడకు అంటించుకునే వయసువాళ్లు. 1986లో వచ్చిన క్యూ అంతకంటే పెద్దవాళ్లది, ఆల్బమ్‌లు డబ్బు పెట్టి కొనేవాళ్లది. అందుకే ఎడమ మూల ఎర్ర చతురస్రంలో తెల్లటి ఒకే అక్షరం, అంతే. 1993లో మొదలైన మోజో తొలి కవర్ మీదే బాబ్ డిలన్‌ని, బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్‌ని వేసుకుంది. పాత రికార్డులు దాచుకునేవాళ్ల కోసం పాత ఫొటోలు, కవర్‌తో పాటు సీడీ. అంతకుముందే 1978లో వచ్చిన స్మాష్ హిట్స్ టీనేజర్లకు పాటల సాహిత్యం అచ్చువేసి ఇచ్చింది. ఈ నాలుగింటి కవర్లలో పేరును చేత్తో మూసేసి చూసినా ఏది ఎవరిదో చెప్పొచ్చు. మీ డమ్మీకి కూడా అదే పరీక్ష పెట్టండి: పేరు మూసేస్తే ర్యాప్ పత్రికని తెలుస్తోందా?

ఇక మార్పులు. కింది ముగ్గురి కటౌట్లూ తీసేయండి. ఒక్క ముఖమే ఉంచి, పెద్దది చేయండి. నడుము దాకా ఉన్న ఫొటోలో ముఖం పేజీ ఎత్తులో ఆరో వంతు కూడా రాదు. ఛాతీ దాకా తెస్తే మూడో వంతుకు చేరుతుంది, కళ్లు పేజీలో పైనుంచి మూడో వంతు దగ్గర పడతాయి. చూపు నేరుగా కెమెరాలోకి ఉంటే కవర్ పలకరించినట్టుంటుంది, కొత్త పత్రికకు అదే మేలు. పక్కకు చూసే ఫొటో తెలిసిన ముఖానికే నప్పుతుంది. కొత్త ముఖం పక్కకు చూస్తే కొనేవాళ్ల చూపు కూడా పక్కకు పోతుంది.

స్ట్రోక్ గురించి. అక్షరాల వెనక ఫొటో గజిబిజిగా ఉన్నప్పుడు చదవడం కోసం స్ట్రోక్ కొడతాం. గజిబిజి ఫొటోలో ఉంది కాబట్టి మందు కూడా ఫొటోకే వేయాలి. బ్యాక్‌గ్రౌండ్ చదును చేయండి, లేదా ముఖానికి అటో ఇటో ఖాళీ వదిలి తీయించండి. అప్పుడు స్ట్రోక్, గ్లో, షాడో ఏవీ అక్కర్లేదు. రంగులు మూడు చాలు: ఫొటోలో ఉన్నది ఒకటి, అక్షరాలకు తెలుపో నలుపో ఒకటి, ఒక్కచోట మాత్రమే కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటి. ఆ మూడో రంగు రెండు చోట్ల వాడితే సగం బలం, ఐదు చోట్ల వాడితే అలంకారం.

తొమ్మిది లైన్లు నాలుగుకు దించండి. ప్రధాన కథకు ఒక పెద్ద లైన్, దాని కింద పది పదాలు మించని ఉపశీర్షిక, మరో రెండు కథలకు చిన్న లైన్లు, చివర పేర్ల పట్టీ. "ప్రత్యేక ఇంటర్వ్యూ" లాంటి లైన్లు ఎవరినీ ఆపవు. ఎవరు, దేని గురించి అన్నది పేరుతో సహా పడాలి. పేర్లు తెలిసినవాళ్లకు పేరే ఎర, తెలియనివాళ్లకు విషయం ఎర. రెండు రకాలూ ఉంచండి. ప్రధాన లైన్ చెప్పిన కథకు లోపల కనీసం ఆరు పేజీలు ఇవ్వండి. కవర్ అంత ఊరించి లోపల ఒకటిన్నర పేజీ పెడితే రెండో సంచిక టేబుల్ మీదే ఉండిపోతుంది.

అసలు లైన్లే లేకుండా ఫొటో ఒక్కటే పెడదామన్న ఆలోచన కూడా ఈపాటికి వచ్చే ఉంటుంది. అందరూ చూపించే ఉదాహరణ అమెరికా సంగీత పత్రిక రోలింగ్ స్టోన్ 1981 జనవరి 22 సంచిక: ఆనీ లీబొవిట్జ్ తీసిన లెనన్, ఆయన భార్య యోకో ఓనో ఫొటో, పత్రిక పేరు తప్ప ఇంకో శీర్షిక లేదు. 2005లో అమెరికన్ మ్యాగజైన్ ఎడిటర్ల సంఘం గత నలభై ఏళ్లలో మేటి కవర్‌గా దాన్నే ఎంచింది. కానీ లెనన్ 1980 డిసెంబర్ 8న హత్యకు గురయ్యాడు, ఆ ఫొటో అదే రోజు తీసింది. చూసిన ప్రతివాళ్లకీ కథ ముందే తెలుసు, పత్రికకు అప్పటికే పదమూడేళ్లు. మీ ర్యాపర్ ఎవరో, మీ పత్రిక ఏమిటో టేబుల్ ముందు నిలబడినవాళ్లకు తెలియదు. లైన్లు కావాల్సిందే.

స్టాల్‌ముందర:

ఎడమ మూడో వంతు సంగతి నేను చెబుతాను, దాన్ని వేదవాక్కులా పట్టుకోనక్కర్లేదు. అది ర్యాకుల్లో పత్రికలు పక్కపక్కన ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఎడమ అంచు మాత్రమే బయటకు కనిపించే దేశాల లెక్క. మన బస్టాండ్ స్టాల్లో పత్రికలు తాడుకు క్లిప్పులతో వేలాడతాయి, లేదా మెట్లు మెట్లుగా పేర్చి ఉంటాయి. అక్కడ కనిపించేది పై భాగం. మీరు స్టాల్‌కే వెళ్లడం లేదు. టేబుల్ మీద కవర్ మొత్తం కనిపిస్తుంది, ఫోన్‌లో మొత్తం చిన్నదై కనిపిస్తుంది. ఎడమవైపు కుక్కడం వల్ల ఫొటో కుడికి జరిగి బరువు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, అంతకుమించి ఒరిగిందేమీ లేదు.

పత్రిక ఎలా చేతికి చేరుతుందో దాన్నిబట్టి కవర్ పని మారుతుంది. బ్రిటన్ సంగీత వారపత్రిక ఎన్‌ఎంఈ 2015 సెప్టెంబర్‌లో ఉచిత పత్రికైపోయింది, తొలి ఉచిత సంచిక మీద పాప్ గాయని రిహానా. కొనిపించాల్సిన పని లేనప్పుడు దారిన పోయేవాళ్లందరికీ తెలిసిన ముఖమే కావాలి. 2018 మార్చిలో ఆ వారపు అచ్చూ ఆగిపోయింది. మీరు డబ్బులడుగుతున్నారు కాబట్టి ఆ దారి మీది కాదు, అందరికీ తెలిసిన ముఖం కంటే మీవాళ్లకు బాగా తెలిసిన ముఖం ఎక్కువ అమ్ముతుంది.

గిగ్ టేబుల్ దగ్గర అసలు ఇబ్బంది వెలుతురు. వేదిక లైట్లు ఎరుపు, నీలం మారుతుంటాయి. ఎర్ర లైటు కింద ఎరుపూ తెలుపూ ఒకేలా కనిపిస్తాయి, కాబట్టి తెల్లటి దాని మీద ఎర్ర అక్షరాలు మాయమవుతాయి. నీలం లైటు కింద ఎరుపు నల్లబడిపోతుంది, అప్పుడు నలుపు మీద ఎర్ర అక్షరం పోతుంది. రంగుల తేడా మీద ఆధారపడొద్దు, లేత–ముదురు తేడా మీద ఆధారపడండి. ఫైల్‌ని గ్రేస్కేల్‌లోకి మార్చి చూడండి. పేరు, ప్రధాన లైన్ అప్పటికీ చదవగలిగితే మామూలు వెలుతురులో ఇబ్బంది ఉండదు, ఎర్ర, నీలం లైట్ల కింద మాత్రం ఒక ప్రింట్ పెట్టి విడిగా చూసుకోండి. మీ పసుపు మీద ఎర్ర స్ట్రోక్ గ్రేస్కేల్‌లో ఎలా ఉందో ఒకసారి చూసుకోండి.

నల్ల గుడ్డ కప్పిన టేబుల్ మీద నల్ల కవర్ పడుకోబెడితే టేబులే కనిపిస్తుంది. పాతిక కాపీలు పడుకోబెట్టి, రెండు మూడింటిని స్టాండ్‌లో నిలబెట్టి, వాటి మీదికి క్లిప్‌తో తెల్ల ఎల్‌ఈడీ ఒకటి తిప్పండి. నిలబెట్టిన కాపీని మూడు మీటర్ల నుంచి చూసినప్పుడు పేరు చదవాలి, ముఖం తెలియాలి. ఒక మీటర్ నుంచి ప్రధాన లైన్ చదవాలి. చిన్న లైన్లు చేతిలోకి తీసుకున్నాక చదివినా చాలు.

ఫోన్ లెక్క వేరు. ఇన్‌స్టాగ్రామ్‌లో 1080 × 1350 పిక్సెల్స్ నిలువు పోస్ట్ పెడతారనుకుందాం. ఏ4 కవర్‌ని 1080 వెడల్పుకు నింపితే ఎత్తు సుమారు 1527 వస్తుంది, అంటే పైన 88, కింద 88 పిక్సెల్స్ కోత. పేరు అంచుకు ఆనించి ఉంటే సగం తెగుతుంది. మొత్తం కనిపించాలంటే 955 వెడల్పుకు తగ్గించి రెండు పక్కలా 62 పిక్సెల్స్ చొప్పున రంగు పట్టీ వదలండి. ఆ పట్టీకి మీ మూడో రంగు వాడితే వరసలో మీ పోస్ట్ విడిగా కనిపిస్తుంది. తర్వాత కవర్‌ని 120 పిక్సెల్స్ వెడల్పుకు కుదించి చూడండి. అంత చిన్నగా ఉన్నా పేరు, ముఖం, ప్రధాన లైన్‌లో ఒక పదం నిలబడాలి. నిలబడకపోతే ముందు తీసేయాల్సింది చిన్న లైన్లని, పెద్దవాటిని ఇంకా పెంచడం తర్వాతి మాట.

నాలుగుప్లేట్లు:

ప్రింట్ సంగతులు.

షీటుతో మొదలుపెట్టండి. ఏ4 కవర్ విప్పితే 420 × 297 మి.మీ. నాలుగు వైపులా 3 మి.మీ. బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) కలిపితే 426 × 303. చాలా డిజిటల్ ప్రెస్‌లలో ఉండే 12 × 18 అంగుళాల షీటు 305 × 457 మి.మీ., అంటే ఎత్తులో పక్కకు ఒక మిల్లీమీటరే మిగులుతుంది. మెషిన్ షీటు అంచు దాకా అచ్చువేయలేదు, కటింగ్ మార్కులకూ చోటుండదు. 13 × 19 షీటు వేసే ప్రెస్ చూసుకోండి, లేదా సైజు తగ్గించండి. ఏ4 కంటే చిన్నదైన క్రౌన్ 1/4 సైజు అయితే 12 × 18 మీద హాయిగా సరిపోతుంది, బ్యాగ్‌లోనూ నలగదు. ఈ నిర్ణయం కవర్ గీసే ముందే జరగాలి. ఏ4కి వేసిన డిజైన్ కుదిస్తే నిష్పత్తి మారి మళ్లీ మొదటికొస్తుంది.

ముందు కవర్‌కి బ్లీడ్‌తో కలిపి ఫొటో 2551 × 3579 పిక్సెల్స్ ఉండాలి, అంగుళానికి 300 చుక్కల (డీపీఐ) లెక్కన. ర్యాపర్ ఇన్‌స్టాగ్రామ్ నుంచి దించుకున్న 1080 వెడల్పు ఫొటో ఇదే సైజులో 127 డీపీఐకి వస్తుంది, జుట్టు, గడ్డం మైనంలా అయిపోతాయి. అసలు ఫైల్ అడగండి. ఫొటోగ్రాఫర్‌కి ముందే చెప్పండి: నిలువుగా తీయాలి, తల మీద ఫ్రేమ్‌లో నాలుగో వంతు ఖాళీ ఉండాలి. దగ్గరగా తీసేసిన ఫొటోతో పేరు నుదుటి మీద పడుతుంది, అప్పుడు పైన నకిలీ బ్యాక్‌గ్రౌండ్ అతికించక తప్పదు.

నల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉంచుకుంటే ఒక్క కె 100తో (నల్ల ఇంకు ఒక్కటే నూరు శాతం) నింపకండి, పెద్ద జాగాలో బూడిద రంగుగా తేలిపోతుంది. ఆఫ్‌సెట్‌లో (ప్లేట్లు చేసి ఇంకుతో వేసే పద్ధతి) సి (సయాన్) 60, ఎం (మెజెంటా) 40, వై (ఎల్లో) 40, కె 100 మామూలు మిశ్రమం, మొత్తం 240 శాతం. డిజిటల్ మెషిన్‌కి ప్రెస్‌వాళ్లనే అడగండి, కొన్నింటికి అంత టోనర్ పోస్తే షీటు మెలితిరుగుతుంది. చిన్న నల్ల అక్షరాలు మాత్రం కె 100 ఒక్కటే. నాలుగు రంగుల్లో వేస్తే రంగులు వెంట్రుకవాసి జరిగినా అంచులు ఇంద్రధనుస్సవుతాయి.

నలుపు మీద నల్ల జుట్టు కలిసిపోయి తల ఎక్కడ ముగిసిందో తెలియదు. వెనక నుంచి ఒక లైటు జుట్టు అంచుకు తగిలేలా పెట్టించండి. ముఖం స్క్రీన్ మీద కనిపించే దానికంటే కాగితం మీద ముదురుగా వస్తుంది, ఎందుకంటే స్క్రీన్‌కి సొంత వెలుగుంది, కాగితానికి లేదు. పైగా ఆఫ్‌సెట్‌లో చుక్క కాగితం మీద కొంత వ్యాపిస్తుంది. ఫొటోషాప్ కర్వ్స్‌లో మధ్య టోన్లు కాస్త పైకి లేపండి, చర్మం రంగు జోలికి వెళ్లకండి. మన చామనఛాయకు ఎల్లో మెజెంటా కంటే కొంచెం ఎక్కువ ఉంటే సహజంగా ఉంటుంది, మెజెంటా మించితే ముఖం కాలినట్టవుతుంది. తెల్లబరిచిన ముఖం ఈ రకం సంగీతం వినేవాళ్లకు వెంటనే తెలిసిపోతుంది, అదీ సినిమా పోస్టర్ లక్షణమే.

మడత దగ్గర జాగ్రత్త. డిజిటల్‌లో టోనర్ కాగితం పైనే పొరలా కూర్చుంటుంది. 250–300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) ఆర్ట్ కార్డు మీద నల్లగా నింపి మడిస్తే ఆ పొర పగిలి వెన్ను పొడవునా తెల్ల గీత వస్తుంది. దీనికి మూడు పనులు కలిపి చేయాలి: కాగితం గ్రెయిన్ (పీచు దిశ) వెన్నుకు సమాంతరంగా ఉండేలా షీటు పెట్టించడం, ముందు లామినేషన్, మడవడానికి ముందు క్రీజింగ్ (మడత గీత నొక్కించడం). మ్యాట్ లామినేషన్ చూడ్డానికి బాగుంటుంది, కానీ నలుపు మీద వేలిముద్రలు, గీతలు పట్టేస్తాయి. టేబుల్ మీద వందమంది చేతుల్లో పడే కాపీకి స్క్రాచ్ తట్టుకునే మ్యాట్ ఫిల్మ్ అడగండి. లేకపోతే గ్లాసీ లామినేషన్ వేయించండి, మెరుపు ఉన్నా మన్నుతుంది.

64 పేజీలు 90 జీఎస్‌ఎం ఆర్ట్ పేపర్ అయితే వెన్ను రెండున్నర మిల్లీమీటర్లు కూడా రాదు. పర్ఫెక్ట్ బైండింగ్ (వెన్నుకు జిగురు పట్టించేది) నిలవదు, వెన్ను మీద పేరు వేసే చోటూ లేదు. సెంటర్ పిన్ కొట్టించండి. ముఖ్యమైన అక్షరాలేవీ కోత అంచుకు 5 మి.మీ. లోపు రాకూడదు. 500 కాపీలు సరిహద్దు సంఖ్య, ఆఫ్‌సెట్ కొటేషన్ కూడా తీసుకుని పోల్చండి. ఏ పద్ధతైనా అసలు కాగితం మీద, లామినేషన్‌తో ఒక్క కాపీ తీయించి చూశాకే మిగతావి వేయించండి.

తొలిసంచిక:

కటౌట్లు తీసేసి ముఖం పెంచి చూశాం, అప్పుడే సగం పని అయినట్టుంది. ఇంకో రెండు అనుమానాలు. పేరు తెలుగు లిపిలోనే ఉండాలా, ఇంగ్లీషు అక్షరాల్లోకి మార్చాలా అని మాలో మాకే తగవు. ర్యాప్ వినేవాళ్లు కామెంట్లు కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు కదా. రెండోది, మూడో రంగుగా నియాన్ ఆకుపచ్చ అనుకున్నాం. స్క్రీన్ మీద అదిరిపోయింది, శాంపిల్ ప్రింట్‌లో గోరింటాకు ముద్దలా వచ్చింది.

ఒత్తులపొత్తు:

లిపి విషయంలో నా ఓటు తెలుగుకే. గిగ్ దగ్గర బ్యానర్, టీషర్ట్, స్టిక్కర్ అన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి, వాటి మధ్య లావుపాటి తెలుగు అక్షరం దూరం నుంచే విడిగా తెలుస్తుంది. ఐతే తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరంలా వాడితే దెబ్బతింటారు, మీ డమ్మీలో జరిగింది కొంత అదే.

తల పేరు మీదికి రావడం చూడండి. ఇంగ్లీషు పెద్దక్షరాల్లో మధ్య అక్షరం కింది సగం తల వెనక్కి పోయినా చదివేస్తాం. తెలుగులో అక్షరం గుర్తు పైనా ఉంటుంది, కిందా ఉంటుంది. పైన గుడి, ఏత్వం, తలకట్టు. కింద ఒత్తు. కింది నుంచి తల వచ్చి ఒత్తును మింగితే పదమే మారిపోతుంది. ఒత్తు లేని అక్షరం మీదికే తల రావాలి, అదీ అక్షరం ఎత్తులో మూడో వంతు దాటకుండా. అసలు మొదటి మూడు నాలుగు సంచికలు పేరును దేనితోనూ కప్పకండి. రోలింగ్ స్టోన్ లాంటివి పేరును తల వెనక దాచగలుగుతున్నాయంటే పాఠకులు దాన్ని ఆకారంతోనే గుర్తుపడతారు కాబట్టి. ఆ గుర్తింపు ముందు రావాలి.

ఫాంట్లు. దూరం నుంచి చదివే లావు కావాలంటే రామభద్ర. వెడల్పు మీ ఇష్టానికి మార్చుకోవాలంటే అనేక్ తెలుగు: వేరియబుల్ ఫాంట్, వెడల్పు 75 నుంచి 125, మందం 100 నుంచి 800 దాకా జరుపుకోవచ్చు. పేరుకు, లైన్లకు ఒకే కుటుంబం వాడొచ్చు. సన్నగా పొడవుగా కావాలంటే ధూర్జటి, కానీ అది ఫోన్ సైజులో నలిగిపోతుంది. ఫాంట్‌ను అడ్డంగా నొక్కి సన్నం చేయొద్దు, నిలువు గీతలు సన్నబడి అడ్డ గీతలు లావుగా మిగిలిపోతాయి. పేరుకు మాత్రం ఫాంట్‌తో సరిపెట్టుకోకుండా అవుట్‌లైన్ చేసి (అక్షరాన్ని బొమ్మలా ఆకారంగా మార్చి) రెండు అక్షరాలైనా చేత్తో సవరించండి. ఒక ఒత్తును పక్క అక్షరం కిందికి సాగదీయడమో, తలకట్లు కలపడమో. కెరాంగ్ పగుళ్లు చేసిన పని అదే, ఆ అక్షరాలు ఇంకెక్కడా దొరకవు.

లైన్ల మధ్య ఎడం: ఇంగ్లీషు పెద్దక్షరాలకు అక్షరం సైజుకు సమానంగా లీడింగ్ పెట్టినా చెల్లుతుంది. తెలుగుకు అలా పెడితే పై లైన్ ఒత్తులు కింది లైన్ గుడుల మీద కూర్చుంటాయి. 130 నుంచి 150 శాతం మధ్య మొదలుపెట్టి, ఒత్తులు లేని చోట చేత్తో తగ్గించుకోండి. ప్రధాన శీర్షికకు పదాలు ఎంచుకునేటప్పుడే ఒత్తులు తక్కువున్నవి చూసుకుంటే అక్షరం ఇంకో పది పాయింట్లు పెంచుకోవచ్చు. నలుపు మీద తెల్ల అక్షరాలైతే 11 పాయింట్లకు తగ్గొద్దు, మందం మీడియం దాటి ఉండాలి. ఇంకు చుట్టూ నుంచి కమ్ముకుని ఒత్తుల సన్న గీతలు ముందు పూడుకుపోతాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఒత్తులు విడిపోయి పక్కన కూర్చుంటుంటే, ఇన్‌డిజైన్‌లో పేరాగ్రాఫ్ ఆప్షన్లలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. పాత వెర్షన్ ఫొటోషాప్‌లో అయితే టైప్ ప్రిఫరెన్సుల్లో వరల్డ్ రెడీ లేఅవుట్ పెట్టి ఫైల్ మళ్లీ తెరవండి, పాత టెక్స్ట్ లేయర్లు వాటంతట మారకపోతే కొత్తగా టైప్ చేయాలి. ప్రెస్‌కి పంపే పీడీఎఫ్‌లో తెలుగు అక్షరాలన్నీ అవుట్‌లైన్ చేసి పంపండి. అక్కడి డీటీపీ మెషిన్‌లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లుంటాయి, మీ యూనికోడ్ ఫాంట్ ఉండకపోవచ్చు.

స్టాల్‌ముందర:

లిపి మీద పై మాటతో ముప్పాతిక ఏకీభవిస్తాను. ఒక్కటి చేర్చండి: కొనాలనుకున్నవాళ్లు ఫోన్‌లో వెతికేది ఇంగ్లీషు అక్షరాల్లోనే. పత్రిక పేరు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఎలా రాస్తారో తెలియక ఒకరు ఒక "ఎ" తక్కువ, ఒకరు ఒక "హెచ్" ఎక్కువ కొడతారు. మీ ఇన్‌స్టాగ్రామ్ హ్యాండిల్‌ని ఉన్నది ఉన్నట్టు పేరు కిందే చిన్నగా వేయండి, ధర, సంచిక సంఖ్య దాని పక్కనే. ధరను దాచకండి. దాస్తే అడగడానికి మొహమాటపడి పెట్టేసి పోతారు.

నాలుగుప్లేట్లు:

నియాన్ ఆకుపచ్చ సీఎంవైకేలో, అంటే మామూలు నాలుగు ఇంకుల్లో, రాదు, ఎంత గింజుకున్నా రాదు. స్క్రీన్ వెలుగునే పంపుతుంది, ఫ్లోరసెంట్ ఇంకు అతినీలలోహిత కాంతిని పీల్చుకుని రంగుగా తిరిగి ఇస్తుంది, మామూలు నాలుగు ఇంకులకు ఆ గుణం లేదు. దానికి ఐదో ఇంకు కావాలి. కొన్ని డిజిటల్ మెషిన్లలో నియాన్ టోనర్ స్టేషన్ ఉంటుంది, ముందే అడగండి. లేకపోతే శుభలేఖలు వేసేవాళ్ల దగ్గరికి వెళ్లండి, స్క్రీన్ ప్రింటింగ్ వాళ్లకు రోజువారీ పని. పేరు, ప్రధాన లైన్ మాత్రం ఫ్లోరసెంట్ ఇంకుతో ఆ నాలుగు రంగుల కవర్ మీద కొట్టిస్తారు.

ఇందులో మూడు చోట్ల తప్పుతుంది. ఫ్లోరసెంట్ ఇంకు పలచన, నలుపు మీద నేరుగా కొడితే చచ్చిపోతుంది. కింద కాగితం తెల్లగా వదలాలి, లేదా ముందు తెల్ల ఇంకు ఒక పొర వేయాలి. చేత్తో కొట్టే స్క్రీన్ ఒక మిల్లీమీటరు దాకా అటూ ఇటూ జరుగుతుంది, కాబట్టి తెల్ల ఖాళీకి సరిగ్గా కూర్చోవాల్సిన డిజైన్ పెట్టుకోవద్దు. నియాన్ అక్షరం చుట్టూ తెలుపు కాస్త కావాలనే కనిపించేలా వదిలితే జరిగినా తెలియదు. మూడోది లామినేషన్: ఫిల్మ్ మీద ఇంకు పట్టు తక్కువ, గోటితో గీకితే ఊడుతుంది. ఫిల్మ్‌కి పట్టే ఇంకు వాడమని చెప్పి, ఒక ముక్క మీద వేయించి, మర్నాడు సెల్లోటేప్ అంటించి లాగి చూడండి. ఇంకోటి, ఎండలో పెడితే నియాన్ త్వరగా వెలిసిపోతుంది. స్టాక్ కిటికీ పక్కన పెట్టొద్దు.

తొలిసంచిక:

స్క్రీన్ దారే పడతాం. చివరగా, బార్‌కోడ్ పెట్టాలా? పెడితే మూడో రంగులోనే వేయొచ్చా?

అచ్చుమొహం:

టేబుల్ మీదా కొరియర్‌లోనూ అమ్ముకునేంతవరకూ బార్‌కోడ్ అక్కర్లేదు, ఆ మూల ఖాళీ వదలండి. బార్‌కోడ్ ఉంటే పెద్ద పత్రికలా ఉంటుందని అలంకారానికి పెట్టేవాళ్లున్నారు, ఈ పాఠకుల దగ్గర అది చెల్లదు. క్రమం తప్పకుండా తెచ్చే పత్రిక కాబట్టి, బార్‌కోడ్ కంటే ముందు చూసుకోవాల్సింది టైటిల్. 2024 మార్చి నుంచి అమల్లో ఉన్న పత్రికల నమోదు చట్టం ప్రకారం ప్రెస్ సేవా పోర్టల్‌లో పేరుకు దరఖాస్తు పెట్టాలి. పేరు అక్షరాలు గీయించడానికి డబ్బు ఖర్చుపెట్టే ముందే ఆ పేరు ఇంకెవరికైనా ఉందేమో వెతుక్కోండి.

తర్వాత ఎప్పుడైనా పుస్తకాల షాపులకు ఇస్తే ఐఎస్‌ఎస్‌ఎన్ (పత్రికలకిచ్చే గుర్తింపు సంఖ్య) తీసుకుంటారు, దాన్నుంచి 977తో మొదలయ్యే 13 అంకెల కోడ్ వస్తుంది, పక్కన సంచికకు రెండంకెల చిన్న కోడ్. అసలు కోడ్ పూర్తి సైజు ఖాళీ అంచులతో కలిపి 37.29 × 25.93 మి.మీ., 80 శాతం దాకా తగ్గించొచ్చు, రెండంకెల కోడ్‌కి పక్కన అదనంగా చోటు లెక్కేసుకోవాలి. ఎడమ పక్క ఖాళీ 3.6 మి.మీ. కంటే తగ్గితే పూర్తి సైజులో కూడా స్కానర్ తడబడుతుంది. నల్ల కవర్ మీద తెల్ల గీతలుగా తిప్పి వేయకండి, తెల్ల పెట్టెలో నల్ల గీతలే. రంగు కావాలంటే ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ నడుస్తాయి. నియాన్ గీతలకు తెలుపుతో తేడా చాలదు, ఎరుపు, నారింజ అసలే కుదరవు. చాలా స్కానర్ల లైటు ఎరుపే, ఆ లైటుకు ఎర్ర గీత తెల్ల కాగితంలాగే కనిపిస్తుంది.